డాక్టరుగారికి టైపు నేర్పిన తొంభై రోజులు

నాలుగేళ్లపాటు రోజూ ఒక ముసలి డాక్టరుగారి గొంతు నా చెవుల్లో ఉండేది. అమెరికాలో, మొక్కజొన్న చేల మధ్య ఒక చిన్న ఊళ్లో ఆయన వైద్యం చేసేవారు. రోగిని చూసి పంపించాక, ఆ మనిషికి జబ్బేమిటో, ఏం మందిచ్చారో చేతిలోని రికార్డరులో మాట్లాడి వదిలేసేవారు. ఆ మాటలు ఉప్పల్‌లో మా ఆఫీసుకు చేరేవి. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలి కింద పెడల్ నొక్కుతూ, విన్నది విన్నట్టు టైపు చేసి పంపేదాన్ని. అలా టైపు చేసేవాళ్లం మా హాల్లో అరవై మందిమి.

ఆయన మాట ఎవరికీ ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. పదాల చివర్లు మింగేసేవారు. పైగా ఆపిల్ పండు కొరుకుతూ చెప్పేవారు. కొత్తగా చేరిన పిల్లలు ఆయన ఫైలు వచ్చిందంటే ఏడుపు మొహం పెట్టేవాళ్లు. అందుకని అవన్నీ నాకే పడేవి. అంతా అయ్యాక, ఎదురుగా ఎవరూ లేకపోయినా, ఆయన "థాంక్యూ" అని చెప్పి రికార్డరు ఆపేవారు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట మరిచిపోలేదు. పక్కవాళ్లకు వినపడకుండా నేను కూడా "యూ ఆర్ వెల్కమ్" అనేదాన్ని.

ఈ పనికి రాకముందు నేను టైపు మేడమ్‌ని. నాచారంలో ఇనుప సామాన్ల కొట్టు మీది అంతస్తులో నాకు ఒక ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఎనిమిది మిషన్లు, ఎనిమిది స్టూళ్లు, గోడకు ఒక గడియారం. ఫ్యాక్టరీలలో పనిచేసేవాళ్ల పిల్లలు గవర్నమెంటు ఉద్యోగం మీద ఆశతో పొద్దున ఆరింటికే వచ్చి కూర్చునేవాళ్లు. కంప్యూటర్లు వచ్చాక ఒక్కొక్కరే తగ్గిపోయి చివరికి ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురూ పరీక్ష పాసయ్యేదాకా ఆగి, తర్వాత తాళం వేశాను. బాధ లేదని చెప్పను. కానీ వేళ్లలో ఉన్న విద్య ఎక్కడికీ పోదు కదా. రెండు నెలలు మెడికల్ పదాలు నేర్చుకుని ఉప్పల్ ఆఫీసులో చేరిపోయాను.

రెండువేల పదకొండులో ఒక మధ్యాహ్నం మా మేనేజరుగారు అందర్నీ మీటింగుకు పిలిచారు. ఆయన నాకన్నా పదేళ్లు చిన్న. తండ్రి కాకినాడ నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి లాలాపేట్‌లో స్థిరపడ్డారు. ఈయన పుట్టి పెరిగింది ఇక్కడే అయినా ఇంట్లోని కోస్తా యాస పోలేదు.

"అమెరికా గవర్నమెంటు ఒక స్కీమ్ పెట్టిందండీ," అని మొదలుపెట్టారు. "డాక్టర్లు కాగితాలు మానేసి, రోగుల వివరాలన్నీ కంప్యూటర్లో పెట్టాలి. దానికి వాడే సాఫ్ట్‌వేర్ ఊరికే కొనుక్కుని మూల పడేస్తే చాలదు, నిజంగా వాడాలి. మొదటి ఏడాది వరసగా తొంభై రోజులు వాడినట్టు చూపిస్తే గవర్నమెంటే డబ్బులిస్తుంది. కొన్నేళ్లయ్యాక వాడనివాళ్లకి కోత కూడా పెడుతుందట."

మా వెనక వరసలో ఉన్న అమ్మాయి, మేడిపల్లి నుంచి వచ్చేది, వెంటనే అడిగేసింది. "గట్లయితే డాక్టర్లే టైపు జేసుకుంటరు గద సార్. ఇగ మనమెందుకు?"

మేనేజరుగారు నీళ్ల సీసా మూత తీసి మళ్లీ పెట్టారు. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీతో మాట్లాడుతున్నాననీ, డాక్టర్లకు ఫోన్లో సాయం చేసే పని మనకు వచ్చేలా ఉందనీ మాత్రం చెప్పారు.

ఆ పని వచ్చింది. వచ్చిన రెండో వారంలోనే ఆయన నా సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"మేడమ్, మీ ఆపిల్ డాక్టరుగారు ఈ కంప్యూటరు గొడవ వదిలేస్తానంటున్నారండీ. కంపెనీవాళ్లు రెండు రోజులు ట్రెయినింగ్ ఇచ్చి వెళ్లారట. ఇప్పుడు ఫోన్ చేసి కేకలేస్తున్నారు. ఆయన మాట మనవాళ్లకి ఒక్కరికీ అర్థం కావట్లేదు. మీరు ఒకసారి మాట్లాడతారా?"

నాలుగేళ్లు విన్న మనిషితో మాట్లాడటమంటే ఏమిటో మీరే ఊహించుకోండి. ఒక షరతు కూడా ఉంది. ఆయన మాటలు ఇన్నాళ్లూ టైపు చేసింది నేనేనని చెప్పకూడదు. కంపెనీ రూలు అది.

మర్నాడు పొద్దున అయిదున్నరకు కాల్. అక్కడ అప్పుడు ముందురోజు సాయంత్రం. ఆఖరి రోగి వెళ్లిపోయాక ఆయన తీరిగ్గా దొరికే సమయం అదే. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి, ఇక్కడ తెలుగులో చెప్తున్నాను.

"మీరూ నాకు ఏ బటన్ నొక్కాలో చెప్పడానికేనా?" అన్నారు ఆయన. విసుగుతో నిండిన గొంతు. అదే గొంతు. నేను నవ్వు ఆపుకున్నాను.

"కాదు సార్. ముందు మీ కష్టమేమిటో వింటాను. ఒక రోగి గురించి మామూలుగా రాయండి. నేను మాట్లాడను."

ఆయన ఫోను స్పీకరులో పెట్టి రాయడం మొదలుపెట్టారు. ఫోన్లో కీబోర్డు చప్పుడు వినిపించింది. టక్. చాలాసేపు నిశ్శబ్దం. టక్. టక్. మళ్లీ నిశ్శబ్దం. గొణుగుడు. టక్.

"సార్, మీరు రెండే వేళ్లతో కొడుతున్నారు," అన్నాను. "అందులో కుడి చెయ్యే ఎక్కువ పని చేస్తోంది."

టక్ టక్ ఆగింది. "మీకెలా తెలుసు? ఇక్కడ కెమెరా ఏమైనా పెట్టారా?"

"వినిపిస్తోంది సార్. నేను ఇరవై ఏళ్లు టైపు నేర్పాను."

అప్పుడు చెప్పుకొచ్చారు. తెరమీద ఏది ఎక్కడుందో రెండు రోజుల్లోనే తెలిసిపోయిందట. డెబ్బై దాటినా బుర్ర బాగానే ఉందట. కష్టమంతా వేళ్లతోనే. రోగి ఎదురుగా కూర్చుని ఉంటే తను అక్షరాలు వెతుక్కోవడం సిగ్గుగా ఉందట. నలభై ఏళ్లుగా రోగి మొహం చూస్తూ మాట్లాడిన మనిషి ఇప్పుడు ఏ అక్షరం ఎక్కడుందా అని కిందికి చూస్తూ కూర్చోవాలి. "డబ్బూ వద్దు, ఏమీ వద్దు," అన్నారు. ఆ మాట అన్నాక మళ్లీ ఆయనే, "కానీ వెయిటింగ్ రూములో కుర్చీలు విరిగిపోయాయి. ఆ డబ్బు వస్తే బాగుండేది," అన్నారు.

"రోజుకు అరగంట నాకివ్వండి," అన్నాను. "నెల రోజుల్లో మీరు రోగి మొహం చూస్తూనే టైపు చేస్తారు."

ఏ ధైర్యంతో అన్నానో తెలియదు. మేనేజరుగారికి చెప్తే ఆయన తల పట్టుకున్నారు.

"మేడమ్, మన అగ్రిమెంటులో టైపింగ్ లేదండీ. సాఫ్ట్‌వేర్ సపోర్టు ఒక్కటే ఉంది."

"ఆయ్నకు టైపింగ్ రాకుంటే మన అగ్రిమెంటే ఉండది సార్," అన్నాను.

ఆయన ఒక నిమిషం ఆలోచించి, "సరే కానివ్వండి. అడిగితే నాకు తెలీదంటాను," అని నవ్వారు.

ఆ రోజు ఇంటికెళ్లి మా ఆయనకు చెప్పాను. అతను నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో లేతు మిషను మీద టర్నరు. చేతులు కడుక్కుంటూ విన్నాడు. విని పెద్దగా నవ్వాడు.

"అంటే గిప్పుడు అమెరికా డాక్టరుకు ఏ ఎస్ డి ఎఫ్ జెప్తవా?"

"నేర్సుకునేటోళ్లు ఉంటే జెప్త. ఏంది తప్పు?"

"తప్పేం లేదు గని, కూసున్న కొమ్మ నరుక్కుంటున్నవ్ గదనే. ఆయనకు టైపు గుద్దుడు వొస్తే ఇగ నీతోని పనేముంటది?"

అతను చెప్పింది నిజమే. అన్నం పెట్టాను, తిన్నాం. కానీ నా మనసు అప్పటికే మర్నాటి పాఠం మీద ఉంది. మొదట ఎడమ చెయ్యి చెప్పాలా, రెండు చేతులూ కలిపి చెప్పాలా? ముసలి వేళ్లు, చిటికెన వేలికి బలం ఉండదు. ఇలాంటి లెక్కలు వేసుకుని నాలుగేళ్లు దాటింది. ఎన్నాళ్ల తర్వాతో ఒక పని తలుచుకుంటే నాకు ముందు సంతోషం, ఆ తర్వాతే భయం వచ్చింది.

పాఠాలు మొదలయ్యాయి. కీబోర్డు మీద ఎఫ్ మీదా జె మీదా చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. కళ్లు మూసుకుని వాటిని తడిమి చూపుడు వేళ్లు పెట్టమన్నాను. మిగతా వేళ్లు వాటంతటవే వాటి చోట కూర్చుంటాయి. "ఏ, ఎస్, డి, ఎఫ్, జి, ఎఫ్," అని నేను నాచారం మేడ మీద చెప్పినట్టే లయగా చెప్పేదాన్ని. ఆయన కొట్టేవారు. తప్పు వేలు పడితే చప్పుడులోనే తెలిసిపోయేది.

"సార్, ఇప్పుడు ఎస్‌కి మధ్యవేలు వాడారు."

"వాడలేదు."

"వాడారు."

"...వాడాను," అనేవారు చిన్నపిల్లాడిలా.

అయిదో రోజుకు అసలు రోగం బయటపడింది. ఆయన కిందికి చూస్తున్నారు. నా ఇన్‌స్టిట్యూట్‌లో దానికి మందు ఉండేది, చేతుల మీద తువ్వాలు కప్పేదాన్ని. అదే చెప్పాను. ఆయన రోగులకు వాడే తెల్ల తువ్వాలొకటి తెచ్చి కీబోర్డుతో సహా చేతులు కప్పుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆయన దగ్గర ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న నర్సు గదిలోకి వచ్చింది.

"డాక్టర్, చేతులకేమైంది?" అని కంగారుగా అడగడం నాకు వినిపించింది.

"ఏమీ కాలేదు, నన్ను డిస్టర్బ్ చెయ్యకు. నేను బడిలో ఉన్నాను," అన్నారాయన.

ఆమె నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు. ఇక్కడ నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి ఆ నర్సమ్మ నాకు తోడైంది. ఆయన పగలు రెండు వేళ్లతో దొంగతనంగా కొడితే సాయంత్రం నాకు చెప్పేసేది.

నెల తిరిగేసరికి వేగం వచ్చింది. టైపు పరీక్షలో హయ్యర్ పాసయ్యే వేగం కాదు, లోయర్ దగ్గర్లో ఉంది. చాలు. ఆయన తొంభై రోజుల లెక్క అక్టోబరు మొదట్లో మొదలుపెట్టారు. అంతకన్నా ఆలస్యమైతే ఆ ఏడాదికి అవకాశం పోతుంది.

ఇక్కడ అదే సమయానికి ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోలు దాటి రావడం లేదు. ఆఫీసులు, బడులు అన్నీ బందు. కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. పొద్దున్నే నాచారం నుంచి ఉప్పల్‌కు నేను వెళ్లడమెట్లా? మా ఆయన తన పాత స్కూటరు తీశాడు. అతని ఫ్యాక్టరీ షిఫ్టు ఎనిమిదింటికి. అయినా నాకోసం అయిదింటికి లేచేవాడు.

"నువ్వేమో రాష్ట్రం గావాలంటవ్, ఊరేగింపులల్ల తిరుగుతవ్. మరి బందు నాడు పెండ్లాన్ని పనికి దింపొస్తవా?" అని దారిలో ఏడిపించేదాన్ని.

"గది మన ఊరి పంచాది. గా ముసలాయన మనకేం జేసిండు పాపం," అనేవాడు. "ఆయన పరీక్ష ఆయన్ని రాసుకోనీ."

ఒకరోజు పాఠం మధ్యలో కరెంటు పోయింది. జనరేటరు గుర్రుమని ఆగిపోయింది, డీజిల్ లేదు. ఫోను లైను మాత్రం ఉంది గానీ నా హెడ్‌సెట్ కంప్యూటరుకు తగిలించి ఉంది. మేనేజరుగారు స్కూటరేసుకుని డీజిల్ కోసం పరుగెత్తారు. నేను చీకటి హాల్లో కూర్చుని తిట్టుకున్నాను. తొంభై రోజుల్లో ఒక్క రోజు ఆయన డీలా పడినా అంతే. ముప్పావుగంటకు డీజిల్ వచ్చి నా హెడ్‌సెట్ మళ్లీ పలికింది; ఆయన ఫోను ఆపకుండా స్పీకరులో అలాగే ఉంచారు. నేను హలో అనకముందే కీబోర్డు చప్పుడు వినిపించింది. ఆగకుండా, తొట్రుపాటు లేకుండా, రేకుల మీద సన్నని వాన పడుతున్నట్టు ఒకే తీరుగా. ఆయన ఒక్కరే కూర్చుని, ఆనాటి రోగులందరి వివరాలూ టైపు చేసుకుంటున్నారు. నేను లైనులోకి వచ్చానని చెప్పకుండా అయిదు నిమిషాలు విన్నాను. నా జీవితంలో నేను పాసు చేయించిన పిల్లలందరూ ఒకసారి గుర్తొచ్చారు.

స్కీములో టైపింగ్ ఒక్కటే కాదు, పాటించాల్సిన నియమాలు చాలా ఉన్నాయి. పదమూడేళ్లు దాటిన రోగుల్లో సగం మంది కన్నా ఎక్కువ మందిని సిగరెట్ తాగుతారా అని అడిగి రాసిపెట్టాలి. ఆయన దీనికి అసలు ఒప్పుకోలేదు.

"ఎనభై ఏళ్ల ముసలమ్మను, ప్రతి ఆదివారం చర్చిలో పాటలు పాడే ఆమెను, సిగరెట్ తాగుతావా అని అడగమంటారా? నాకు ఆమె నలభై ఏళ్లుగా తెలుసు!"

"తెలిసినా అడగాలి సార్. ఆ గడి ఖాళీగా ఉంటే లెక్క తగ్గుతుంది."

మూడు రోజులకు ఆయన నా హలో కూడా వినకుండా మొదలుపెట్టారు. ఆ ముసలమ్మను అడిగారట. ఆమె ఒక క్షణం ఆయన మొహంలోకి చూసి, తాగుతానని చెప్పిందట. రోజుకు రెండు. యాభై ఏళ్లుగా. కోళ్ల గూటి వెనక, మొగుడికి కూడా తెలియకుండా.

"ఇన్నేళ్లూ ఆమె దగ్గుకు పొలం దుమ్మే కారణమని మందులిస్తున్నాను!" అన్నారు. "నాకెందుకు చెప్పలేదని అడిగితే, నువ్వెప్పుడైనా అడిగావా అంది."

ఆయన నవ్వుతూనే ఉన్నారు, నేనూ నవ్వుతూనే ఉన్నాను. కానీ ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆ పిచ్చి గడి లేకపోతే నేను ఎప్పటికీ అడిగేవాడిని కాదు," అన్నారు. ఆ రోజు నుంచి నియమాల మీద విసుక్కోవడం మానేశారు.

ఇంకొక నియమం నాకు మరీ నచ్చింది. రోగికి ఆనాడు ఏం చూశారు, ఏ మందులు రాశారు, మళ్లీ ఎప్పుడు రావాలి, అన్నీ ఒక కాగితం మీద అచ్చుకొట్టి చేతికివ్వాలి. మా ఆయనకు అప్పటికే బీపీ. కార్మికుల డిస్పెన్సరీలో చూపించుకునేవాడు. ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టారో అతనికే గుర్తుండేది కాదు. ఒక ఆదివారం అతని పాత చీటీలన్నీ నేల మీద పరిచి, అదే పద్ధతిలో ఒక పేజీ తయారుచేశాను. మందుల పేర్లు, ఎప్పటినుంచి, ఏది పడలేదు, అన్నీ. అతను దాన్ని డిస్పెన్సరీకి తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ రెండుసార్లు చదివిందట.

"ఎవరు రాసిన్రు గిది? ఏ దవాఖానాల ఇచ్చిన్రు?" అని అడిగిందట.

"మా ఇంటామె రాసింది మేడమ్," అన్నాడట మా ఆయన. "ఆమె అమెరికా డాక్టర్లకు నేర్పిస్తది."

ఈ సంగతి ఆ సాయంత్రం నాలుగిళ్లలో చెప్పాడు. నా కొమ్మ నరుక్కుంటున్నానని వెక్కిరించిన మనిషే.

తొంభైలో దగ్గర దగ్గర సగం రోజులు గడిచిన తర్వాత ఒక పొద్దున డాక్టరుగారు పాఠం మధ్యలో కొట్టడం ఆపేశారు.

"ఒక మాట అడగనా? ఇంతకు ముందు నేను రికార్డరులో చెప్పేవాడిని. ఎవరో టైపు చేసి పంపేవారు. ఒక్క తప్పు ఉండేది కాదు. నేను ఒకసారి ఎడమ మోకాలు బదులు కుడి మోకాలు అన్నాను. కింద ఒక నోటు వచ్చింది, పోయిన నెల మీరు ఎడమ అన్నారు, సరిచూడండి అని. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. ఇప్పుడు నేనే టైపు చేసుకుంటున్నాను కదా, వాళ్లకు పని పోయిందేమోనని దిగులుగా ఉంది."

ఆ నోటు రాసింది నేనే. నాకు బాగా గుర్తుంది. రూలు రూలే. కానీ అంత మంచి ప్రశ్నకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఆమె బాగానే ఉంది సార్," అన్నాను.

"ఆమా? మీకు తెలుసా?"

"తెలుసు. ఆమెకు ఇప్పుడు వేరే పని దొరికింది. ఒక డాక్టరుగారికి టైపు నేర్పుతోంది."

అటు కుర్చీ కిర్రుమంది.

"అయితే నేను ఆపిల్ తింటూ మాట్లాడతానని మీకు తెలుసు."

"ఆపిల్ మామూలు రోజుల్లో సార్. శుక్రవారం ఏదో ఇంకా గట్టిది, కరకరలాడేది."

"వేరుశనగ మిఠాయి," అన్నారు. ఆ తర్వాత నవ్వారు. ఎంత నవ్వారంటే, పక్కగదిలోంచి నర్సమ్మ వచ్చింది. ఆమెకు చెప్పారు. ఆమె ఫోను లాక్కుని, ఈ నాలుగేళ్లలో ఆయన చేతిరాత నుంచి తనను కాపాడినందుకు నాకు దణ్ణం పెడుతున్నానంది. నేను కళ్లు తుడుచుకుంటూ నవ్వాను. కాల్ చివర ఆయన ఎప్పటిలాగే "థాంక్యూ" అన్నారు. "యూ ఆర్ వెల్కమ్" అని పైకే, గట్టిగా చెప్పాను.

కాల్స్ అన్నీ రికార్డవుతాయి. మేనేజరుగారు మధ్యాహ్నం నన్ను తన గదికి పిలిచారు. నేను ఉద్యోగం పోతుందనే సిద్ధపడి వెళ్లాను. ఆయన తెర వైపు చూస్తూనే మాట్లాడారు.

"పొద్దుటి కాల్ విన్నానండీ. రెండుసార్లు విన్నాను."

"తప్పయింది సార్. నోట్లకెళ్లి వచ్చేసింది."

"రిపోర్టులో ఏదో ఒకటి రాయాలి కదా మేడమ్," అని కాగితం నావైపు తిప్పారు. 'కస్టమరు చాలా సంతోషంగా ఉన్నారు' అని రాసి ఉంది. "ఇందులో అబద్ధమేమైనా ఉందాండీ?" అన్నారు.

డిసెంబరు చివర్లో తొంభై రోజులు పూర్తయ్యాయి. లెక్కలన్నీ గవర్నమెంటు వెబ్‌సైటులో పెట్టి, ఇవన్నీ నిజమేనని డాక్టరే ఒప్పుకోవాలి. ఆ పని నర్సమ్మ చేస్తానన్నా ఆయన వినలేదు. పది వేళ్లతో తనే కొట్టారు. నేను ఒక్కొక్క ప్రశ్న చదివి వినిపించాను. చివరి బటన్ నొక్కి, "అంగీకరించారని వచ్చింది," అన్నారు. నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. మా హాల్లో ఆ పొద్దున ఉన్న పదిమందీ చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు ఆయనకు వినిపించి, "అక్కడ ఎంతమంది ఉన్నారు?" అని ఆశ్చర్యపోయారు. మేనేజరుగారు రింగురోడ్డు దగ్గరి బండి నుంచి అందరికీ వేడి వేడి ఇడ్లీ, వడ తెప్పించారు. మేడిపల్లి అమ్మాయి నాకు రెండు వడలు ఎక్కువ వేసి, "అక్క పాసైంది," అంది. పాసైంది నేనా, ఆయనా అని ఎవరూ పట్టించుకోలేదు.

డబ్బు కొన్ని వారాల తర్వాత వచ్చింది. ఎంతో నాకు తెలియదు, నేను అడగలేదు. వెయిటింగ్ రూముకు కొత్త కుర్చీలు కొన్నారనీ, నర్సమ్మకు జీతం పెంచారనీ మాత్రం తెలుసు. ఆయన నాకొక ఉత్తరం టైపు చేసి పంపారు, పేజీ నిండా. చూడకుండా కొట్టానని మొదటి వాక్యంలోనే రాశారు. అందులో ఒకే ఒక్క తప్పుంది. నేను దాన్ని ఎప్పుడూ ఆయనకు చెప్పలేదు.

మా ఆయన అన్నంత పనీ అయింది. తర్వాతి రెండేళ్లలో ట్రాన్స్‌క్రిప్షన్ పని ఎండాకాలం కుంటలా తగ్గిపోయింది. అరవై మందిమి ఇరవై మందిమయ్యాం. కొందరు బిల్లింగ్ పనికి మారారు, కొందరు వేరే ఆఫీసులకు వెళ్లారు. మేడిపల్లి అమ్మాయి నాగారంలో బడి టీచరైంది, ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. నాకు మాత్రం పని పెరిగింది. ముసలాయన తన స్నేహితులైన డాక్టర్లకు నా గురించి చెప్పారు. వాళ్లు వాళ్ల స్నేహితులకు చెప్పారు. మేనేజరుగారు కొత్త అగ్రిమెంటులో టైపింగ్ అనే మాట చేర్చారు. నేను మళ్లీ టైపు మేడమ్‌నయ్యాను. ఒక్కో బ్యాచికి ఆరుగురు డాక్టర్లు.

రెండువేల పద్నాలుగు జూన్‌లో ఒక పొద్దున ఒక డాక్టరమ్మకు పాఠం చెప్తున్నాను. ఆమె కాన్పులు చేసే డాక్టరు. బయట తెల్లవారకముందు నుంచే టపాకాయలు పేలుతున్నాయి. కిటికీలు మూసినా ఆగడం లేదు.

"ఏమిటా చప్పుడు? మీరు క్షేమమేనా?" అని ఆమె కంగారుపడింది.

"క్షేమమే డాక్టర్. ఈ రోజు మాకు కొత్త రాష్ట్రం పుట్టింది."

"ఓ!" అంది. ఒక క్షణం ఆగి, "బిడ్డ బరువెంత?" అని అడిగింది.

"పది జిల్లాలు," అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. మేనేజరుగారు గ్లాసు తలుపు అవతల నుంచి చూసి, ఏమైందన్నట్టు చెయ్యి ఊపారు. ఏం లేదని సైగ చేశాను. ఇంకా పది నిమిషాల పాఠం ఉంది, కుడి చేతి చిటికెన వేలు మిగిలింది. అది పూర్తి చేసి కిందికి దిగాను. మా ఆయన స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు, జుట్టునిండా గులాల్ రంగు.

"ఏంది, ఫ్యాక్టరీ లేదా?" అన్నాను.

"ఇయ్యాల ఎవడు పోతడే," అని, నేను వద్దనేలోపు నా చెంపలకు కూడా ఇంత రాసి, "జర గట్టిగ పట్టుకో," అంటూ స్కూటరు స్టార్టు చేశాడు.